తడి లెక్క, పొడి లెక్క

హైస్కూల్ సైన్సు పుస్తకంలో ఉత్ప్రేరకం అంటే ఏమిటో చదివే ఉంటారు. చర్య వేగాన్ని మారుస్తుంది, తాను మాత్రం ఖర్చవదు. రెండు మార్కుల ప్రశ్న. ఆ "ఖర్చవదు" అన్న మాటని అమాయకంగా నమ్మి నేనొక లైను కోడ్ రాశాను. దాని పుణ్యమా అని ఒక పెద్దమనిషి టిఫిన్ క్యారియర్‌ని ఇరవై రోజులపాటు ఫ్యాక్టరీ గేటు దగ్గర మూత తీయించి మరీ వెతికారు. ఈ సంగతి ఆఫీసులో సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

నేను చదివింది కెమికల్ ఇంజనీరింగ్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మనలో ఇలాంటివాళ్ళు బోలెడుమంది కాబట్టి ఎందుకలా అని అడక్కండి :) క్యాంపస్‌లో వచ్చింది, చేరాను, అంతే. విచిత్రమేమిటంటే నా రెండో ప్రాజెక్టుకే ఒక స్పెషాలిటీ కెమికల్స్ కంపెనీ క్లయింటుగా దొరికింది. పటాన్‌చెరు దాటాక ఉన్న చాలా ఫ్యాక్టరీల్లో అదొకటి. పేరెందుకులెండి. "నువ్వు కెమికలే కదా, నీకు బాగా అర్థమవుతుంది" అని మా లీడ్ నన్నే ప్లాంటుకి పంపించాడు. 2021 సంగతి. వాళ్ళకి కావాల్సింది కెటలిస్ట్ స్టాకు లెక్క. స్టోర్స్ నుంచి ఎంత వెళ్ళింది, వాడాక ఎంత తిరిగొచ్చింది, రిఫైనర్‌కి ఎంత పంపారు, రిఫైనర్ ఎంత లోహం లెక్కకట్టి ఇచ్చాడు. నాలుగు స్క్రీన్లు, రెండు రిపోర్టులు. ఇంతే కదా అనుకున్నాను.

ఆ కెటలిస్ట్ పేరు పెల్లేడియం ఆన్ కార్బన్. ప్లాంటులో పీడీ కార్బన్ అంటారు. చూడ్డానికి తడి బొగ్గుపొడి. యాక్టివేటెడ్ కార్బన్ రేణువుల మీద పెల్లేడియం లోహాన్ని అతి సన్నగా పరిచి తయారుచేస్తారు. మందుల కంపెనీలకి ఇంటర్మీడియట్లు చేసేచోట నైట్రో గ్రూపుని అమీన్‌గా మార్చాలన్నా, మధ్యలో రక్షణగా తగిలించిన బెంజైల్ గ్రూపుని ఊడగొట్టాలన్నా, హైడ్రోజన్‌తో కలిపి దీన్ని వాడతారు. పని అయ్యాక వడగట్టి తీసేస్తారు. మందు ద్రవంతో వెళ్ళిపోతుంది, నల్లపొడి ఫిల్టర్ గుడ్డ మీద ఉండిపోతుంది. ఒకే పొడిని కొన్ని బ్యాచ్‌ల వరకూ మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. తర్వాత జిగురు పట్టి, లోహం రేణువులు ఒకదానికొకటి అతుక్కుని చురుకు తగ్గుతుంది. అప్పుడు దాన్ని స్పెంట్ కెటలిస్ట్ అంటారు. స్పెంట్ అన్నారు కదా అని పారేస్తే కొంప మునిగినట్టే, ఎందుకంటే చచ్చింది చురుకు మాత్రమే, లోహం ఎక్కడికీ పోలేదు.

ఆ లోహం ఖరీదు ఒక ప్రహసనం. 2001 జనవరిలో ఔన్సు 1,100 డాలర్ల దాకా ఎగబాకి, రెండేళ్ళు దాటాక 200 లోపుకి పడిపోయింది. భయపడి ముందే నిల్వ చేసుకున్న ఫోర్డ్ కంపెనీ 2002లో దాదాపు వంద కోట్ల డాలర్ల నష్టం చూపించాల్సి వచ్చింది. ప్రపంచంలో తవ్వే పెల్లేడియంలో సుమారు 40 శాతం రష్యాది. అందుకే ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రెండు వారాల్లోపే, 2022 మార్చి 7న, ఔన్సు 3,400 డాలర్లు దాటింది. 2024 ఫిబ్రవరికల్లా మళ్ళీ వెయ్యి లోపు. ఔన్సు అంటే ఇక్కడ 31.1 గ్రాములు. నా కథ నడిచింది సరిగ్గా ఆ మార్చిలోనే. ధర వంద డాలర్లప్పుడు జరిగుంటే ఎవరూ ఎవరి క్యారియరూ తెరిచేవాళ్ళు కాదేమో.

ఇక అసలు సంగతి, తడి.

పీడీ కార్బన్ డ్రమ్ములో కొత్తగా వచ్చినప్పుడే సగం నీళ్ళుంటాయి. మోసం కాదు, లేబుల్ మీద రాసే ఉంటుంది. "10 శాతం పెల్లేడియం, 50 శాతం తడి" అంటే 10 కిలోల డ్రమ్ములో 5 కిలోలు నీళ్ళు, మిగిలిన 5 కిలోల్లో పదోవంతు, అంటే 500 గ్రాములు పెల్లేడియం. నీళ్ళెందుకంటే పొడిగా ఉంటే అంటుకుంటుంది కాబట్టి. ముఖ్యంగా వాడిన తర్వాత. దాని ఒంటి నిండా హైడ్రోజన్ పట్టుకుని ఉంటుంది, చుట్టూ మిథనాల్ ఆవిరి ఉంటుంది. ఫిల్టర్ తెరిచినప్పుడు ఆ కేక్ కాస్త ఆరి గాలి తగిలిందా, నిప్పురవ్వ పుట్టడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. అందుకే నైట్రోజన్ కింద వడగట్టి, నీళ్ళతో బాగా కడిగి, తడితడిగానే తీసి డ్రమ్ములో వేసి, పైన మళ్ళీ నీళ్ళు పోస్తారు. రేనీ నికెల్ అని ఇంకోటుంది, అదీ ఇంతే, నీళ్ళలోనే బతుకుతుంది. అందులో ఉన్నది నికెల్ కాబట్టి దాని మీద ఇంత నిఘా ఉండదు.

అంటే తిరిగొచ్చే డ్రమ్ములో నీళ్ళు ఎంతుంటాయన్నది ఆ రోజు షిఫ్టులో ఉన్న మనిషి ఎంత జాగ్రత్తపరుడో దాన్నిబట్టి ఉంటుంది. భయం ఉన్నవాడు ఎక్కువ పోస్తాడు. పోయాలి కూడా.

నేను చేసిన స్క్రీన్‌లో బరువుకి ఒకటే గడి. కిలోలు.

బీటెక్ రెండో ఏడాదిలో ప్రాసెస్ కాలిక్యులేషన్స్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. అందులో మొదటి నెలలోనే చెప్పేది డ్రై బేసిస్, వెట్ బేసిస్. తడి సరుకుని తూచి లెక్క కట్టకు, నీళ్ళు తీసేసి పొడి పదార్థం మీద కట్టు అని. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి. చెప్పుకుంటే సిగ్గుచేటు.

డెమో రోజున మొదటి రిపోర్టు తెరిచాం. "రికవరీ" అన్న కాలమ్‌లో 135 శాతం అని వచ్చింది. వెళ్ళింది 10 కిలోలు, తిరిగొచ్చింది పదమూడున్నర. క్లయింటు వైపు మేనేజరు గారు నవ్వారు. "ఏంటి బాబూ, ఇచ్చినదానికంటే ఎక్కువొస్తే మేం ఇంక బిజినెస్ ఎందుకు, దీన్నే పెంచుకుంటాం" అన్నారు. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి టికెట్ వచ్చింది: రికవరీ వంద దాటి చూపిస్తోంది, సివియారిటీ టూ. నేను ఐదు నిమిషాల్లో ఫిక్స్ చేశాను. ఎలాగో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. లెక్క వంద దాటితే వందే చూపించు. ఒక్క లైను. టెస్టింగ్ టీమ్ పాస్ చేసింది, మా లీడ్ రివ్యూలో "గుడ్" అన్నాడు. ఆ 135 డిఫెక్ట్ కాదు, నేను అడగాల్సిన ప్రశ్న అని అప్పుడు తట్టలేదు.

దీని తర్వాతి గొలుసు చూడండి. రికవరీ వంద శాతం కాబట్టి వెళ్ళిన 500 గ్రాముల పెల్లేడియమూ డ్రమ్ములో తిరిగొచ్చినట్టే రిపోర్టు చెప్తుంది. అలా ఎనిమిది క్యాంపెయిన్లు, 80 కిలోల కెటలిస్ట్, 4,000 గ్రాములు "స్టాకులో ఉన్నాయి". 2022 ఫిబ్రవరిలో ఆ డ్రమ్ములన్నీ రిఫైనర్‌కి పంపారు.

రిఫైనర్ దగ్గర జరిగేది మనకి తెలిసిన పనే, కంసాలి దగ్గర పాత నగలు కరిగించడం లాంటిది. కాకపోతే ఇక్కడ ముందు తగలబెట్టాలి. కొలిమిలో నెమ్మదిగా కార్బన్‌ని కాలిస్తే లోహం ఉన్న బూడిద మిగులుతుంది. తొందరపడితే ఆ బూడిద పొగతో పాటు ఎగిరిపోతుంది. ఆ బూడిదని మెత్తగా నూరి, బాగా కలిపి శాంపిల్ తీస్తారు. అసలు డబ్బు తేలేది ఇక్కడే. శాంపిల్‌ని భాగాలు చేసి ఒకటి రిఫైనర్, ఒకటి కస్టమర్, ఇంకొకటి సీలు వేసి పక్కన పెడతారు. ఇద్దరి లెక్కా కలవకపోతే ఆ మూడోది బయటి ల్యాబుకి వెళ్తుంది. దాని పేరు నిజంగానే అంపైర్ శాంపిల్ :) తర్వాత బూడిదని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరిన్‌తోనో, ఆక్వారీజియాతోనో కరిగించి, అమోనియా కలిపి, మళ్ళీ ఆమ్లం పోస్తే పెల్లేడియం పసుపుపచ్చ లవణంగా కిందికి దిగుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే బూడిద రంగు స్పాంజిలాంటి లోహం. దాన్ని మళ్ళీ కరిగించి కొత్త కార్బన్ మీద పరిస్తే కొత్త కెటలిస్ట్. అంటే మన డ్రమ్ము మనకి రాదు, మన ఖాతాలో గ్రాములు జమవుతాయి. తరుగు, మజూరీ పోను.

ఆ ఖాతాలో 4,000కి బదులు 3,390 గ్రాములు జమైంది.

610 గ్రాములు తేడా. ఆ మార్చి ధరలో నలభై లక్షల పైమాట. తరుగు కింద కొంత అనుకున్నా ఇంత కాదు. అంపైర్ దాకా వెళ్ళారు, అంపైర్ కూడా రిఫైనర్ వైపే చెప్పాడు. అంటే పోయింది ప్లాంటులోనే. డ్రమ్ములోకి వెళ్ళిందని కంప్యూటర్ చెప్తోంది, డ్రమ్ములో లేదని ల్యాబ్ చెప్తోంది. మధ్యలో డ్రమ్ముల తాళంచెవి ఎవరి దగ్గరుంది?

స్టోర్స్‌లో పెద్దాయన దగ్గర. అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. రిటైర్మెంట్‌కి ఏడాది ఉంది. మొదటిసారి ప్లాంటుకి వెళ్ళినప్పుడు నాకు హెల్మెట్ పట్టీ బిగించింది ఆయనే. "బాబూ, ఆ డ్రమ్ము మూత తీయొద్దు, దానికి కోపం ఎక్కువ" అన్నారు.

ఎవరూ ఆయన్ని దొంగ అనలేదు. అనకుండానే చేయాల్సినవన్నీ చేశారు. తాళంచెవి తీసుకున్నారు. ఆయన సంతకం పక్కన ఇంకో సంతకం పెట్టించారు. సాయంత్రం గేటు దగ్గర అందరి బ్యాగులూ పైపైన చూసి పంపేవాళ్ళు, ఆయన క్యారియర్ మాత్రం గిన్నె గిన్నె విడదీసేవాళ్ళు. వాడిన కెటలిస్ట్‌ని అన్నం గిన్నెలో ఎలా పట్టుకెళ్తాడు, అంటుకుని చెయ్యి కాలదా అని ఒక్కరూ ఆలోచించలేదు. నేను ఆ వారం వేరే పని మీద వెళ్ళి గేటు దగ్గర ఇది చూశాను. ఆయన నన్ను చూసి పలకరింపుగా తల ఊపారు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించాను. అప్పటికింకా నా తప్పని తెలీదు, అయినా ఎందుకో అలా చేశాను.

మా మీదకి కూడా ఒక మెయిల్ వచ్చింది, రిపోర్టుకి వాడిన డేటా మొత్తం తీసి ఇవ్వమని. డేటాబేస్‌లో ముడి బరువులు ఉన్నాయి, వందకి కుదించింది చూపించేటప్పుడే. ఎనిమిది క్యాంపెయిన్లకీ కలిపి తిరిగొచ్చిన బరువు 108 కిలోలు. ఆ అంకె చూడగానే నాకు డెమో రోజు నవ్వులు వినిపించాయి. 80 వెళ్ళి 108 వచ్చింది. నీళ్ళు ఎంత? మా దగ్గర ఆ గడే లేదు. ప్లాంటుకి ఫోన్ చేసి ఎక్కడైనా తడి శాతం రాసుంటుందా అంటే, "పెద్దాయన పుస్తకంలో చూడండి, ఆయనకి ప్రతీదీ రాసే జబ్బు" అన్నారు.

ఆయన దగ్గర నిజంగానే ఒక పొడుగాటి నోటుబుక్ ఉంది. సాఫ్ట్‌వేర్ రాకముందు నుంచీ ఉన్న అలవాటు, మేం వచ్చాక కూడా మానలేదు. డ్రమ్ము నంబరు, ఖాళీ డ్రమ్ము బరువు, నిండు బరువు, పక్కన క్యూసీ వాళ్ళు చిటికెడు కేక్‌ని జాగ్రత్తగా ఆరబెట్టి చెప్పిన తడి శాతం, పెన్సిల్‌తో. సగటున 65. నూట ఎనిమిదిలో 35 శాతం అంటే పొడి పదార్థం 38 కిలోలకి కాస్త తక్కువ. స్టోర్స్ నుంచి వెళ్ళిన కొత్తదాంట్లో పొడి 40 కిలోలు. వాడినదాంట్లో జిగురు, మందు మడ్డి పట్టి ఉంటాయి కాబట్టి పొడి బరువు నలభై దాటాలి. దాటకపోగా తగ్గింది. అంటే నల్లపొడి డ్రమ్ములోకి చేరకముందే ఎక్కడో కారిపోతోంది. ఈ లెక్క ఆయన పుస్తకంలో మొదటి క్యాంపెయిన్ నుంచీ కనబడుతూనే ఉంది. మా రిపోర్టు మాత్రం ఎనిమిది సార్లూ పచ్చ రంగులో 100 అని చూపించింది.

ఎక్కడ కారిందో ప్రొడక్షన్ వాళ్ళు రెండు రోజుల్లో పట్టుకున్నారు. కిందటేడు ఫిల్టర్ గుడ్డ మార్చారు. కొత్తది త్వరగా వడగడుతుంది, అంటే రంధ్రాలు కాస్త పెద్దవి. కలుపుడుకి అరిగి చూర్ణమైన రేణువులు దాంట్లోంచి మందు ద్రవంతో జారిపోతున్నాయి. మరి మందులో పెల్లేడియం తేలలేదా? తేలదు. మందులో ఉండకూడని లోహాలకి ఐసీహెచ్ వాళ్ళ క్యూ3డీ అని ఒక మార్గదర్శకం ఉంది. నోటితో వేసుకునే మందులో పెల్లేడియం రోజుకి 100 మైక్రోగ్రాములకి మించకూడదు. దానికోసం వడగట్టాక ద్రవాన్ని మళ్ళీ మామూలు యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపుతారు, మిగిలిన లోహాన్నీ రంగునీ అది పట్టేస్తుంది. క్యూసీ ప్రతి బ్యాచ్‌లోనూ చూసింది, ప్రతిసారీ పాస్. మందు శుభ్రంగా ఉంది కాబట్టి అంతా బాగుందనుకున్నారు. శుభ్రం చేసిన కార్బన్ ఏమైందని ఎవరూ అడగలేదు.

అది ఏమైందంటే, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో మందుల తయారీ కింద 28.2 స్పెంట్ కెటలిస్ట్, 28.3 స్పెంట్ కార్బన్. పక్కపక్క అంకెలు. మా స్క్రీన్‌లో కూడా డ్రాప్‌డౌన్‌లో పక్కపక్కనే. 28.2 రిఫైనర్‌కి వెళ్తుంది, 28.3 కాల్చెయ్యడానికి వెళ్తుంది. మేనిఫెస్ట్ కాగితాలన్నీ పక్కా. రెండూ నల్లగానే ఉంటాయి. ఏడాదిపాటు పెల్లేడియం ఉన్న కార్బన్ చట్టప్రకారం, సంతకాలతో, లారీ ఎక్కి కాలి బూడిదయ్యింది. యార్డులో ఇంకా లారీ ఎక్కని డ్రమ్ములు రెండే మిగిలాయి.

గుడ్డ మార్చారు. తాళంచెవి పెద్దాయనకి తిరిగి ఇచ్చారు. ఆయనకి ఎవరూ సారీ చెప్పినట్టు నాకు తెలీదు. "అపార్థం" అన్న మాట ఒక మీటింగులో వాడారని విన్నాను. మేం తర్వాతి రిలీజ్‌లో తడి శాతం గడి పెట్టాం, లెక్కని పొడి బరువు మీదకి మార్చాం, వందకి కుదించే లైను తీసేశాను. ఇప్పుడు వంద దాటినా, బాగా తగ్గినా ఎర్రగా చూపించి ఆగుతుంది, కారణం రాస్తేగానీ సేవ్ అవ్వదు. ఫిల్టర్ గుడ్డలు, పాత చేతితొడుగులు, నేల ఊడ్చిన చెత్త కూడా మంచి ప్లాంట్లలో రిఫైనర్‌కే పంపిస్తారట, వాటికీ ఒక కోడ్ పెట్టించాను. రిలీజ్ నోట్స్‌లో రాసింది మాత్రం "కెటలిస్ట్ రిపోర్టులో మెరుగుదల". రాసింది నేనే. ఆ లైను సంగతి మా లీడ్‌కి చెప్తే, "టికెట్ వాళ్ళే వేశారు కదా, మనకేం సంబంధం" అన్నాడు. కాగితం మీద కరెక్టే.

పెద్దాయనకి చెప్పడానికి ఏడాది పట్టింది. ఆయన రిటైరయ్యాక ఒక ఆదివారం వాళ్ళింటి దగ్గర టీ కొట్టులో కలిశాం. మొత్తం చెప్పాను. డెమో, నవ్వులు, టికెట్, ఐదు నిమిషాలు. ఆయన టీ చల్లార్చుకుంటూ విన్నారు. కోప్పడతారనుకున్నాను, కనీసం గేటు సంగతైనా ఎత్తుతారనుకున్నాను.

"యార్డులో రెండు డ్రమ్ములు ఉండాలి కదా, పంపించారా?" అన్నారు.

"పంపించారండీ."

"ఎంతొచ్చింది?"

"84 గ్రాములు."

"అంతేనా" అన్నారు. కాసేపు ఏదో లెక్క వేసుకున్నట్టు రోడ్డు వైపు చూశారు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.